మొర్రిగూడను నేనే జరిపాను

2018 జూన్‌లో నన్ను ఆదిలాబాద్ జిల్లాలోని ఒక కొండ మండలానికి మండల సర్వేయర్‌గా వేశారు. మండలం పేరు రాయను. ఇందులో వచ్చేవాళ్ళు కొందరు ఇంకా ఉద్యోగాల్లోనే ఉన్నారు. ఊరి పేరూ మనుషుల పేర్లూ కూడా అందుకే మార్చాను. అప్పటికి నా సర్వీసు ఇరవై తొమ్మిదేళ్ళు. పుట్టింది కరీంనగర్ దిక్కు, సాంచెల చప్పుడులో. బాపు జీవితమంతా ఎవరి సాంచెల మీదో బట్ట నేశాడు. ఎంత సాపుగా నేసినా "బాగుంది" అన్న షావుకారిని నేను చూడలేదు.

మండల సర్వేయర్ తహసీల్దారు ఆఫీసులో కూచుంటాడు, కొలతల విషయంలో మాత్రం జిల్లా సర్వే శాఖకు జవాబు చెప్పుకుంటాడు. రైతు తన పొలం హద్దు చూపమని పెట్టుకునే దరఖాస్తును ఎఫ్-లైన్ అంటాం. అది రాగానే చుట్టుపక్కల రైతులకు నోటీసులివ్వాలి. టిపన్ తెప్పించుకోవాలి. టిపన్ అంటే ఒక్కో సర్వే నంబరుకు నిజాం కాలంలో గీసిపెట్టిన కొలతల చిత్రం. దాన్ని గ్రామ నక్షతో, అంటే ఊరి పటంతో సరిచూసి, గొలుసు పట్టి, రాళ్ళు పాతించి, అందరి ముందూ పంచనామా రాసి సంతకాలు తీసుకోవాలి. ఇందులో ఎక్కడా "నాకు ఇట్లా అనిపించింది" అన్న మాటకు చోటు లేదు. రికార్డులో ఏది ఉంటే అదే నేల.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సర్వేయర్‌కు థాంక్స్ చెప్పేవాడు లోకంలో పుట్టలేదు. హద్దు తేలితే గెలిచినవాడు "అది ముందు నుంచీ నాదే కదా" అంటాడు. ఓడినవాడు "అవుతలోని దగ్గర ఎంత తిన్నడో" అంటాడు. ఇరవై తొమ్మిదేళ్ళు ఈ రెండు మాటలే విన్నాను.

అందుకే కాబోలు, ఆ గుంపు నాకు అంతగా పట్టింది. ఇంటర్నెట్టులో ఒక పటం ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా తమకు తెలిసిన దారినో చెరువునో బడినో అందులో గీయవచ్చు. సరదాకి ఆ పని చేసే మావైపు వాళ్ళు నలభై యాభైమంది ఫోనులో ఒక గుంపుగా ఉండేవాళ్ళు. కరీంనగర్‌లో ఒక కాలేజీ లెక్చరర్ దాన్ని నడిపేవాడు. నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు రంగులేసే రాజన్న ఉండేవాడు, బ్యాంకు గుమస్తాలు, మోటారు సైకిళ్ళ మీద జలపాతాలు చూసివచ్చే పిల్లలు ఉండేవాళ్ళు. నేను సర్వేయర్‌నని తెలియగానే లెక్చరర్ ఫోన్ చేసి మరీ, ఇతరులు గీసినవి తనిఖీ చేసే బాధ్యత నాకు అప్పగించాడు. తప్పనిపించినదాన్ని నేను తీసేయవచ్చు.

ఆ గుంపులో ఒక ఆచారం ఉండేది. పటం చూసుకుని ఎక్కడికైనా క్షేమంగా చేరినవాళ్ళు అక్కడ నిలబడి ఒక ఫొటో తీసి, "దారి దొరికింది" అని రాసి, ఆ దారి గీసినవాళ్ళ పేరు పెట్టాలి. అంతటితో అయిపోదు. వారం తిరిగేలోపు తమ ఇంటి చుట్టుపక్కల పటంలో లేనిది ఏదో ఒకటి కొత్తగా గీయాలి. బాసరకు పోయి వచ్చినవాడు తన వీధి చివరి బోరింగును గీసేవాడు. అలా ఒకరి దారికి ఇంకొకరి బోరింగుతో బాకీ తీరేది. పటం అట్లా పెరిగింది.

నేనూ గీశాను, అదీ మామూలుగా కాదు. గ్రామ సరిహద్దులు, గుట్టల అంచులు, మూడు ఊళ్ళ శివార్లు కలిసే రాళ్ళు, అన్నీ అడుగు తేడా లేకుండా. ఒక్కటంటే ఒక్క "దారి దొరికింది" రాలేదు. ఎందుకొస్తుంది? సరిహద్దు రాయి దగ్గరికి ఫొటో దిగడానికి ఎవడు పోతాడు!

రూతమ్మ సంగతి ఇక్కడ మొదలవుతుంది. ఆమె ఆ మండలంలో ఏఎన్ఎం, అంటే గూడేలు తిరిగి పిల్లలకు సూదులేసే, కాన్పులు చూసే నర్సు. మిషన్ చర్చి కుటుంబం, నలభై దాటిన మనిషి, నడక తప్ప వేరే బండి ఎరగదు. ఒకరోజు ఏదో సర్టిఫికెట్ కోసం ఆఫీసుకు వచ్చి, నా టేబుల్ మీద ఫోనులో తెరిచి ఉన్న పటం చూసి, "సార్, గిది నాకు జర నేర్పుండ్రి. నేను లీవు పెడితే నా బదులొచ్చేటోళ్ళకు గూడేల తొవ్వ తెలుస్తలేదు" అంది. నేర్పాను. ఎట్లా గీయాలో, పేరు ఎట్లా రాయాలో అంతా అరగంటలో చెప్పాను. గుంపులో చేర్చిందీ నేనే.

ఏకు మేకైంది. మూడు నెలలు తిరిగేసరికి ఆమె పేరు మీద "దారి దొరికింది" అని వారానికి నాలుగైదు రావడం మొదలైంది. బడి పంతుళ్ళు పెట్టారు, గ్యాసు బండివాడు పెట్టాడు, ఎన్నికల డ్యూటీ పడ్డవాళ్ళు పెట్టారు. "రూతమ్మక్క లేకుంటే వాగుల పడిపోతుంటిమి" అని ఒకడు. "అక్కా, నీ కాళ్ళకు దండం" అని ఇంకొకడు. ఆమె గీసిన గీతలేమో వంకరటింకర. ఫోను చేతిలో పట్టుకుని నడుస్తూ గీస్తే ఇంకెలా వస్తాయి? ఒక చోట దారి చెరువులోంచి పోయింది. నేను ఆ గీతల్ని పెద్దవి చేసి చూసి, ఎక్కడెక్కడ ఎన్ని గజాలు తప్పిందో లెక్కపెట్టేవాణ్ణి. ఆమెకు దండాలొస్తుంటే నా కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. ఆ మాట దాచడం దేనికి, ఆ రోజుల్లో పొద్దున లేవగానే నేను చూసింది ఆమెకు ఎన్ని వచ్చాయో.

మా చైన్‌మన్ లచ్చన్న నా కంటే రెండేళ్ళు పెద్ద. గొలుసు ఒక కొస ముప్పై ఏళ్ళు పట్టినవాడు, ఎవరినీ లెక్కచేయడు. ఒకరోజు పొలం గట్టు మీద నేను ఫోను చూసుకుని నిట్టూర్చడం విని, "ఏంది సార్, మళ్ల సూదులక్కకు మొక్కులొచ్చినయా? మీకెందుకు గంత కడుపుమంట, మీరేమన్న సూదులేస్తరా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

ఇప్పుడు మొర్రిగూడ. మా రికార్డులో మొర్రిగూడ ఒక రెవెన్యూ గ్రామం. దానికి హద్దులున్నాయి, సర్వే నంబర్లున్నాయి, మనుషులు మాత్రం లేరు. అలాంటి ఊరిని రికార్డులో "బేచిరాగ్" అని రాస్తారు, అంటే దీపం లేని ఊరు అని. ఎప్పుడో రోగాలొచ్చి జనం లేచిపోతే గోడల రాళ్ళు, టేకు చెట్లు మిగిలాయి. ఆ జనం పోయి వాగు అవతల, నాలుగు కిలోమీటర్ల దూరంలో గుడిసెలు వేసుకున్నారు. ఆ నేల పక్క గ్రామం శివారులోది. వాళ్ళు మాత్రం కొత్తచోటును కూడా మొర్రిగూడ అనే అంటారు. ముప్పై ఇళ్ళుంటాయి, గోండులు. పక్క గ్రామంలో ఒక ఎఫ్-లైన్ కొలతకు పోయినప్పుడు నేను ఆ గూడెంలో కూచుని అంబలి తాగాను. కాబట్టి నాకు తెలియదనడానికి వీల్లేదు.

పటంలో మొర్రిగూడ అన్న పేరు నేను రికార్డు ఉన్నచోట, ఆ రాళ్ళ మధ్యలో పెట్టాను. 2019 జూలైలో రూతమ్మ దాన్ని తీసి వాగు అవతలికి మార్చింది. నేను మళ్ళీ వెనక్కి పెట్టి, కారణం దగ్గర "రెవెన్యూ రికార్డు ప్రకారం" అని రాశాను. ఆమె మళ్ళీ మార్చింది, నాకు ఫోన్ కూడా చేసింది.

"సార్, గూడెం మీరు పెట్టిన కాడ లేదు. జనం వాగు అవుతల ఉన్నరు. నేను నాలుగేండ్ల సంది ఆడికే పోతున్న."

"ఆ నేల మొర్రిగూడ శివారు కాదమ్మా. పక్క ఊరి భూమిలో ఈ ఊరి పేరు ఎట్లా రాస్తాం? రికార్డు అంటూ ఒకటుంటుంది" అన్నాను.

"మీకు తెల్వనిదా సార్" అని ఆమె పెట్టేసింది. ఆ సాయంత్రం నేను రెండోసారి వెనక్కి జరిపాను. ఆమె ఇక ముట్టుకోలేదు.

నేను చెప్పింది సర్వే శాఖలో ఎవరైనా ఒప్పుకునే మాటే. తప్పు పట్టలేరు. కానీ దానికి రెండు నెలల ముందు రాజన్న సరిగ్గా ఇలాంటి ఊరినే జనం ఉన్నచోటికి జరిపితే నేను కిమ్మనలేదు. పాతచోట "పాత" అని, కొత్తచోట మామూలుగా, రెండు పేర్లూ ఉంచాను. మెచ్చుకుంటూ రెండు మాటలు కూడా రాశాను. రాజన్నకు ఎవరూ దండాలు పెట్టడం లేదు మరి. రూతమ్మ మార్చిన పేరును వెనక్కి జరిపినప్పుడు నాకు కలిగింది ఉద్యోగ ధర్మం నెరవేర్చిన తృప్తి కాదు, ఇంతమంది మొక్కే మనిషిని ఒక్కచోటనైనా తప్పని నిరూపించానన్న సంబరం.

ఆగస్టు చివరలో, ముసురు పట్టి నాలుగు రోజులైంది. పదకొండు గంటల వేళ ఆఫీసులోకి మోకాళ్ళదాకా నల్లమట్టి అంటుకున్న మనిషి వచ్చాడు. అంబులెన్సు డ్రైవరు. కరీంనగర్ నుంచి బదిలీ మీద వచ్చి వారమైంది. మొర్రిగూడలో కాన్పు కేసుందని ఫోనొస్తే ఫోనులో పటం పెట్టుకుని బయలుదేరాడట. బండిదారి పట్టి పోతే చివరికి టేకు చెట్లు, రాళ్ళు తప్ప ఏమీ లేవు. తిప్పుకుందామంటే బండి రేగడిలో దిగబడింది. ఫోను కలవదు. నడుచుకుంటూ రోడ్డెక్కి, ఎవరి మోటారు సైకిలో పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు.

"ఊరే లేదు సార్ ఆడ! పటంలనేమో సాఫ్ మొర్రిగూడ అని ఉంది" అన్నాడు. పొద్దున ఎనిమిదింటికి పోయిన మనిషి. మూడు గంటలు పోయాయి.

తహసీల్దారు గారు నా వైపు తిరిగి, "సర్వేయర్ గారూ, మొర్రిగూడ ఎక్కడయ్యా?" అన్నారు.

"ఆయన పోయింది బేచిరాగ్ సార్. జనం వాగు అవతల, తారురోడ్డు నుంచి కుడికి తిరగాలి" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. టిపన్ చూడలేదు, నక్ష విప్పలేదు.

"మరి ఫోన్ల అట్ల ఎవరు పెట్టిండ్రు?" అన్నారు తహసీల్దారు.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబులో ఫోను మీదికి పోయింది. "ఎవరో తెలియనివాళ్ళు పెట్టి ఉంటారు సార్" అన్నాను. లచ్చన్న గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నా ముఖంలోకి చూసి, గొడుగు తీసుకుని జీపు దగ్గరికి నడిచాడు.

తహసీల్దారు తన జీపు ఇచ్చారు, అంబులెన్సు డ్రైవరే నడిపాడు. దారి చూపడానికి నేను ముందు కూచున్నాను. నలభై నిమిషాల్లో గూడెం చేరాం. పొద్దున అంబులెన్సు సరైన చోటికి బయలుదేరి ఉంటే తొమ్మిదిలోపే చేరేది.

సోంబాయి అనే ఆ మనిషికి రెండో కాన్పు. బిడ్డ గంటన్నర కిందటే పుట్టింది, ఆడపిల్ల, ఏడుస్తోంది. మాయ మాత్రం పడలేదు, నెత్తురు ఆగడం లేదు. రూతమ్మ పొద్దున్నే నడిచి వచ్చి చేరిందట. మోకాళ్ళ మీద కూచుని తల్లి పొట్టను ఒక చేత్తో అదిమి పట్టుకుని ఉంది. నన్ను చూసి, "సార్, జల్ది. తల దిక్కు మీరు పట్టుండ్రి" అంది. దుప్పటిలో వేసి లచ్చన్నా డ్రైవరూ నేనూ మోశాం. దుప్పటి నా చేతికి తడిగా తగిలింది. వాన తడి కాదు.

ఆసుపత్రి దాకా జీపులో రూతమ్మ ఆ చెయ్యి తీయలేదు. డ్రైవరుకు "గుంత ఉన్నది, మెల్లగ" అని రెండుసార్లు చెప్పింది. అక్కడి డాక్టరమ్మ చూసి, ఇంకో అరగంట అయితే చెప్పలేకపోయేదాన్ని అంది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. సోంబాయి బతికింది. పన్నెండో రోజున బిడ్డను ఎత్తుకుని గూడెం చేరింది.

ఆ పన్నెండు రోజులూ నేను పటం తెరవలేదు. ఆ పటంలో ప్రతి మార్పుకూ చరిత్ర ఉంటుంది. ఎవరు, ఏ రోజు, ఏ కారణం చెప్పి మార్చారో ఎవరైనా చూడవచ్చు. తహసీల్దారుకు రూతమ్మ ఒక్క మాట చెబితే చాలు. రోజూ ఆమె వస్తుందేమోనని గుమ్మం వైపు చూశాను. భయమే తప్ప పశ్చాత్తాపం ఇంకా మొదలు కాలేదు.

వచ్చింది. అయితే నా టేబుల్ దగ్గరికే వచ్చింది. ఫోనులో ఆ చరిత్ర పేజీ తెరిచి నా ముందు పెట్టింది. నా పేరు మూడుసార్లు, ఆమె పేరు రెండుసార్లు. చీవాట్లు పెడుతుందనుకున్నాను.

"సార్, గిది మీరే జరుపుండ్రి" అంది. "నేను జరిపితే మళ్ల ఎవలన్న తీస్తరు. నర్సుకేం తెలుసంటరు. మీ పేరు మీదుంటే తియ్యరు."

"నన్ను ఏమీ అడగవా రూతమ్మా?" అన్నాను.

"ఏమడగాలె సార్? నా మీద కోపమున్నదని నాకు ఎరుకే. ఎందుకో తెల్వదు. గా కోపం నా మీద ఉండనియ్యుండ్రి, గూడెం మీద వద్దు." ఫోను తీసుకుని పోయింది. ఆ రోజు ఆమెకు ఇంకా రెండు గూడేలున్నాయి.

మర్నాడు లచ్చన్నతో పోయి, గూడెం నడిమధ్య నిలబడి, మొర్రిగూడ పేరును అక్కడ పెట్టాను. రాళ్ళ దగ్గర "పాత మొర్రిగూడ, జనం లేరు" అని రాశాను. తారురోడ్డు నుంచి దారి కూడా గీశాను.

నాలుగు రోజులకు అదే డ్రైవరు గుంపులో చేరి ఫొటో పెట్టాడు. గూడెం ముందు బండి, పక్కన పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. "దారి దొరికింది" అని రాసి కింద నా పేరు పెట్టాడు. చివరగా మార్చినవాళ్ళ పేరే పటంలో పైన కనిపిస్తుంది. లెక్చరర్ గారు "సర్వేయర్ గారి అనుభవానికి ఇదే సాక్ష్యం" అన్నాడు. దండాలు, పూలు, చప్పట్లు. ముప్పై దాకా వచ్చాయి.

అబద్ధమెందుకు, బాగుంది. రెండు రోజులు ఉంచుకున్నాను. భోజనం చేస్తూ చూశాను, బస్సులో చూశాను. రూతమ్మ కూడా అందరితో పాటు ఒక దండం పెట్టింది. మూడో రోజు లచ్చన్న టీ తాగుతూ, "ముబారక్ సార్, ఇగ మీక్కూడ మొక్కులొస్తున్నయట" అన్నాడు. ఎప్పుడూ నవ్వేవాడు ఈసారి నవ్వలేదు. నా టీ గ్లాసు అక్కడే పెట్టి లేచాను.

ఆ మధ్యాహ్నం గుంపులో పంచనామా రాసినట్టే రాశాను. ఈ పేరును తప్పుచోట పెట్టింది నేను. సరైన చోటికి రెండుసార్లు మార్చింది ఏఎన్ఎం రూతమ్మ. జనం ఎక్కడున్నారో తెలిసి కూడా రెండుసార్లూ తీసేసింది నేను. దానివల్ల ఒక కాన్పు కేసుకు అంబులెన్సు అందలేదు. ఈ దారికి రావలసిన దండాలు ఆమెవి. కింద నా పేరు, హోదా రాశాను. తీసేయడానికి కారణం అసూయ అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. తనిఖీ బాధ్యత వదులుకుంటున్నానని కూడా చెప్పాను. తహసీల్దారు గారి దగ్గరికి వెళ్ళి, ఆ రోజు "ఎవరో తెలియనివాళ్ళు" అన్నది అబద్ధమని, పెట్టింది నేనేనని కూడా చెప్పాను. ఆయన ముందున్న ఫైలు మూసి, "రికార్డు ప్రకారం మీ మీద రాయడానికి నాకేం లేదు, పోండి" అన్నారు. మెమో ఇచ్చి ఉంటే తేలికగా ఉండేది.

సాయంత్రానికి గుంపులో నా మీద పడాల్సిన నాలుగు మాటలు పడ్డాయి, ఆ వెనకే రూతమ్మకు దండాలు మొదలయ్యాయి. ఈసారి ముప్పై కాదు, వంద దాటాయి. అవి చూస్తుంటే నాకేమైందో రాయాలి కదా. అంత జరిగాక కూడా, నా నోటితో నేను చెప్పి ఆమెకు పెట్టించిన దండాలే అయినా, కడుపులో అదే మంట లేచింది. ఆమె మాత్రం ఆ రాత్రి దాకా చూసుకున్నట్టు లేదు. మర్నాడు గుంపు ఆచారం ప్రకారం డ్రైవరుకు బదులుగా తనే ఒక బోరింగు గీసి, "నీళ్ళు మంచిగున్నయి" అని రాసింది. తనిఖీ బాధ్యత తీసుకోమంటే తీరిక లేదంది. దాన్ని రాజన్నకు ఇచ్చారు.

నేర్చుకున్నది చెప్పి ముగిస్తాను. మా శాఖలో కొలిచినవాడు ఒకడు, దాన్ని తనిఖీ చేసేవాడు ఇంకొకడు ఉండాలంటారు. కొలిచినవాడి మీద తనిఖీదారుకు ఓర్వలేనితనం ఉంటే ఏం చేయాలో మాత్రం ఏ మాన్యువల్లోనూ లేదు. ఆ తర్వాత మిగిలిన నాలుగేళ్ళ సర్వీసులో, ఎవరి పేరు వింటే నాకు కడుపు రగులుతుందో వాళ్ళ కొలతలు నా తనిఖీకి వస్తే, పక్క మండలం సర్వేయర్‌కు పంపమని పైకి రాశాను. మూడుసార్లు రాశాను. కారణం దగ్గర పని ఒత్తిడి అని పెట్టాను. అసూయ పోతుందని ఎదురు చూడలేదు, అది పోయే రకం కాదని తెలిసింది కాబట్టి దాని చేతికి కలం అందకుండా చూసుకున్నాను. ఇదంతా ఇంత నిబ్బరంగా రాయగలుగుతున్నానంటే సోంబాయి బతికింది కాబట్టి. ఆమె పోయి ఉంటే నేను ఈ పాటికి మారి ఉండేవాణ్ణని చెప్పలేను. రికార్డు ప్రకారం నా తప్పేమీ లేదని ఇప్పటికీ వాదిస్తూ ఉండేవాణ్ణి.